నిద్రలంక పటంలో ఖాళీ

చిదంబరం కూర్చిన పటాన్ని నిద్రలంకవాళ్ళు రెండోసారి కూడా వెనక్కి పంపేశారు.

తప్పెక్కడుందో చెప్పలేదు. "చాలా బాగుంది బాబూ, పటం కట్టించి గోడకు తగిలించుకోవచ్చు" అని మాత్రం అన్నారు. ఆ మాట అతనికి ముల్లులా దిగింది. గోడకెక్కిన పటాలకు దండలు వేస్తారని అతనికి తెలియనిది కాదు.

చిదంబరం సత్యలింగంగారి అచ్చుశాలలో శిష్యుడు. గోదారి ఒడ్డున, ఒకప్పుడు పడవలు బాగుచేసిన పాకలో ఉండేది ఆ అచ్చుశాల. అక్కడ అచ్చయ్యే పుస్తకాలు మడత విప్పితే పటాలవుతాయి. ఒక జోలపాటను చెరువులా అచ్చువేశారు. ఏ గట్టున మొదలుపెట్టి చదివినా నడిమికి వచ్చేసరికి కళ్ళు మూతపడతాయి. ఒక రాజకుమారి కథ అడవిదారిలా ఉంటుంది. దారి చీలినచోట ఎటు వెళ్ళాలో చదివేవాళ్ళే తేల్చుకోవాలి. దాన్ని చదువుతూ పడవెక్కిన ఒక కరణంగారు దిగవలసిన రేవు దాటిపోయి, ఎక్కడో దిగి, "కథ బాగుంది. ఇంతకీ నేనిప్పుడు ఎక్కడున్నట్టు?" అని కార్డుముక్క రాశారట.

అచ్చయిన కాగితాలు దండేల మీద ఆరుతుంటే, గాలికి నదులన్నీ ఒకేసారి కదిలేవి.

ఆ పటాల్లో బొమ్మలుండవు. అన్నీ అక్షరాలే. అలలు కావాలంటే 'ల'లు వరసగా పేరుస్తారు. బావికి సున్న. ఇంటికి 'గ'. చూరు కింద గుమ్మంలా ఉంటుంది కదా, చదువు రానివాళ్ళు కూడా అది ఇల్లేనని పోల్చుకుంటారు.

నిద్రలంక గోదారి నడుమ ఉన్న ఊరు. నది నిద్రలో కన్న కలే తమ లంక అని అక్కడి ముసలివాళ్ళు చెబుతారు. నది ఒత్తిగిలినప్పుడల్లా గట్టు విరిగిపడుతుందట. ఈమధ్య నదికి నిద్ర సరిగా పట్టడం లేదు. కొబ్బరితోటలు పోయాయి. రేవు వీధి పోయింది. అధికారులు వచ్చి, వరద ఎర్రనీరు రాకముందే ఊరు ఖాళీ చెయ్యాలన్నారు. తూర్పు ఒడ్డున, మెరక మీద చోటు చూపించారు.

లంకవాళ్ళు కదల్లేదు.

"కంటికి ఆనని ఊరికి ఎలా వెళ్తామండీ?" అంటూ సత్యలింగంగారి దగ్గరకొచ్చారు. "మా కథ ఒకవైపు, వెళ్ళబోయే ఊరు ఒకవైపు అచ్చేసి ఇవ్వండి. మనసొప్పితే పడవెక్కుతాం. లేకపోతే గోదారమ్మ ఎలా రాస్తే అలా."

గురువుగారు ఆ పని చిదంబరానికి అప్పగించారు.

మొదటివైపు ఎవరూ వంక పెట్టలేదు. అందులో పాత ఊరి కథ వాక్యాలుగా వీధులన్నీ తిరిగి, రేవు వీధి దగ్గరకొచ్చి, చివరి మాట సగంలో నీళ్ళలో పడిపోతుంది. లంకనుంచి వచ్చిన గంగులు తాత అక్కడ వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

చిక్కంతా రెండోవైపే.

'ఖాళీ' అన్న మాట వినబడితే లంకవాళ్ళ మొహాలు మాడిపోవడం చిదంబరం చూశాడు. అందుకని తన పటంలో గోరంత ఖాళీ కూడా ఉండకూడదనుకున్నాడు. ప్రతి కుటుంబానికీ ఒక 'గ' పెట్టి, పక్కన ఇంటిపేరు కూర్చాడు. వీధులకు పేర్లు తనే పెట్టాడు. పశువుల పాకలు పెట్టాడు. పుట్టబోయే పిల్లలకు ఉయ్యాలలు, వాళ్ళు ముసలివాళ్ళయ్యాక కూర్చునే అరుగులు, ఆ అరుగుల మీద చెప్పుకునే కబుర్లు కూడా పెట్టాడు. అంత ప్రేమగా అతను ఏ పనీ చెయ్యలేదు. అది రెండుసార్లు తిరిగొచ్చింది.

మూడోసారి ఇంకా నింపాడు.

"కొలతల్లో పొరపాటుందేమో చూడండి గురువుగారూ" అన్నాడు, అక్షరాలు బిగించిన చట్రాన్ని బల్ల మీద పెట్టి. కొత్త ఊరి ఆకాశంలో ఈసారి కొంగలు కూడా ఎగురుతున్నాయి.

సత్యలింగంగారు కళ్ళజోడు తుడుచుకుని నిదానంగా చూశారు.

"కొలతలు సరిగ్గానే ఉన్నాయి. కొంగలు ఇంకా బాగున్నాయి."

"మరి వాళ్ళెందుకు వద్దంటున్నారండీ? పడవలు సిద్ధంగా ఉన్నాయి. పైన వానలు మొదలయ్యాయంటున్నారు. వీళ్ళు ఇలాగే కూర్చుంటే..."

"పేరు చూస్తే చిదంబరం, అంతా ఆకాశమే. ఇంత ఇరుగ్గా ఎలా కూర్చావురా?" అని నవ్వారాయన. "సరే, వాళ్ళ కథలో మొదటి నాలుగు ముక్కలు కూర్చు. ఖాళీలు పెట్టకు."

ఖాళీలంటే మాటకూ మాటకూ మధ్య పెట్టే సీసపు ముక్కలు. అక్షరాలకంటే కాస్త పొట్టివి. సిరా అంటదు కాబట్టి కాగితం మీద కనపడవు.

ఇళ్ళకు పోగా అక్షరాల అరలో మిగిలిన చివరి 'గ'లతో చిదంబరం కూర్చి, సిరా రాసి, ఒక కాగితం తీశాడు.

"చదువు."

"నదినిద్రలోకన్నకలఈలంకనదిఒత్తిగిలితేగట్టువిరుగునుగట్టువిరిగితే..." ఆగేచోటు తెలియక ఒకే ఊపిరిలో పోతుంటే అతనికి దగ్గొచ్చింది.

గురువుగారు అతని ఒక చేతిలో అక్షరం, ఇంకో చేతిలో ఖాళీ ముక్క పెట్టారు.

"ఇందులో ఏది సీసం?"

"రెండూ సీసమేనండీ."

"ఆయ్" అంటూ ఆయన పట్కారు అందుకున్నారు.

చిదంబరం గబుక్కున బల్ల దగ్గరకొచ్చాడు. కొత్త ఊళ్ళోంచి ఇళ్ళు ఒక్కొక్కటే పీకి పళ్ళెంలో వేస్తున్నారు.

"గురువుగారూ! అది పళ్ళాలమ్మగారి ఇల్లండీ. తూర్పు గుమ్మం మంచిదని నేనే చూసి పెట్టాను."

"ఆవిడ అడిగిందా?"

పట్కారు ఆగలేదు.

అరుగులు వచ్చాయి. కబుర్లు వచ్చాయి. ఉయ్యాలలు వచ్చాయి. ఇందాక కూర్చిన నాలుగు ముక్కలూ వచ్చాయి. కొంగలు కూడా పళ్ళెంలో వాలాయి. తీసిన ప్రతిచోటా, చట్రం వదులు కాకుండా, ఆయన ఖాళీ ముక్కలు బిగించారు. చివరికి పడమట గోదారి మిగిలింది. ఒడ్డున రేవు, మెరక మీద బావి. అంతే.

మధ్యాహ్నం లంకవాళ్ళ పడవ వచ్చింది. ముందు పళ్ళాలమ్మ దిగింది. ఊళ్ళో ఆవిడ మాటకు ఎదురులేదు, ఆవిడ నోటికి అసలే లేదు. వెనకాల ఆవిడ మరిది గంగులు తాత, ఇంకో పదిమంది.

తడి ఆరని కాగితాన్ని గురువుగారు బల్ల మీద పరిచారు. తడికల సందుల్లోంచి వచ్చిన నీటి వెలుగు ఆ తెలుపు మీద ఊగుతోంది. నిద్రలో ఉన్నవాళ్ళ రెప్పల కింద కళ్ళు కదిలినట్టు, కాగితం లోపల ఏదో కదులుతున్నట్టుంది.

పళ్ళాలమ్మ వంగి చూసింది.

"ఏం చిదంబరం బాబూ, ఈసారి సిరా అయిపోయిందా?"

ఎవరూ నవ్వలేదు.

"ఇందులో ఏమీ లేదేంటండీ అయ్యగారూ?" అంది గురువుగారి వైపు తిరిగి.

"మీరింకా రాలేదు కదమ్మా."

కింద నీళ్ళు గుంజలకు కొట్టుకునే చప్పుడొక్కటే.

గంగులు తాత చుట్ట చెవిమీద దోపుకుని, బావి పక్కన తెల్లటి చోట వేలు పెట్టాడు.

"ఇక్కడ గాలి తగులుద్ది. నా మంచం ఇక్కడ."

"అదెక్కడి న్యాయం?" అంది పళ్ళాలమ్మ. "బావి పక్కన నువ్వు చుట్ట పీల్చుకుంటా కూచుంటే ఆడాళ్ళు నీళ్ళెట్టా తోడుకుంటారు? జరుగు!"

"కాయితం మీద కూడా జరగాలా వదినా?"

"కాయితం మీదే జరగనోడివి, అక్కడేం జరుగుతావు!"

అందరూ నవ్వారు. గంగులు తాత వేలు బెత్తెడు జరిగింది. ఆ వెంటనే బల్ల చుట్టూ వేళ్ళే వేళ్ళు. మా గేదెలు ఇటు. మీ గేదెలు అటయితే మా పాదులన్నీ మేసెయ్యవూ! బడి రేవుకు దగ్గర్లో వద్దు, పిల్లలు నీళ్ళలోనే ఉంటారు. సిరా అంటిన వేళ్ళతో ఎవరెక్కడ తాకితే అక్కడ ఒక ముద్ర పడింది.

పళ్ళాలమ్మ మాత్రం అందరూ అయ్యేదాకా ఆగి, మెరక అంచున వేలు ఆనించింది.

"నా గుమ్మం పడమటికి. సాయంత్రప్పూట గడపలో కూచుంటే మన లంక కనపడాలి. అది ఉన్నా, లేకపోయినా."

చిదంబరం పళ్ళెంలో ఉన్న 'గ'ల వైపు చూశాడు. చూసి తలదించుకున్నాడు.

వాళ్ళు కాగితాన్ని చుట్టి పట్టుకుని లేచారు. గుమ్మం దాకా వెళ్ళి పళ్ళాలమ్మ ఆగింది.

"అందరూ ఖాళీ చెయ్యమన్నోళ్ళే గానీ, ఖాళీ ఇచ్చినోళ్ళు మీరేనండీ అయ్యగారూ" అంది. తరవాత పళ్ళెం చూపించి, "ఆ గుడిసె ముక్కలు ఏం చేస్తారు బాబూ?" అని అడిగింది.

వాటిని మళ్ళీ అరలో సర్దాలని చెప్పబోయాడు చిదంబరం. చెప్పలేదు. రెండు చేతులా ఎత్తి, ఒక్కటి కూడా మిగల్చకుండా ఆవిడ కొంగులో పోశాడు. ఆవిడ ముడి వేసుకుంది. ఊరి బరువుకు కొంగు కిందికి లాగింది.

ఎర్రనీటికి ముందే నిద్రలంక పడవలు కదిలాయి. తలుపులు, దూలాలు, మంచాలు, గంపల కింద కోళ్ళు, అన్నీ మసక వెలుతురులో తేలుతూ తూర్పుగట్టుకు పోతుంటే చిదంబరం అచ్చుశాల గుమ్మంలో నిలబడి చూశాడు. ముందు పడవ కొసన ఒకావిడ చుట్టిన కాగితం పట్టుకుని నిలబడి ఉంది. కాసేపటికి పడవలు కనపడలేదు. పడవల మీది తగాదా మాత్రం వినబడుతూనే ఉంది.

అచ్చుశాలలో ఉంచుకునే నిద్రలంక పుస్తకానికి చివరి పుట మిగిలిపోయింది. కూర్చినవాడి పేరు కింద గురువు పేరు వెయ్యడం ఆ అచ్చుశాల ఆనవాయితీ. చిదంబరం తన పేరు కూర్చాడు. తరవాత అరలో చెయ్యిపెట్టి వెతికాడు. ఇంకోసారి వెతికాడు.

"గురువుగారూ, 'గురువు' అని పెట్టాలి. కొమ్ముంది గానీ, 'గ' ఒక్కటీ లేదండీ."

సత్యలింగంగారు చేస్తున్న పనిలోంచి తలెత్తలేదు.

"ఖాళీ పెట్టు" అన్నారు.