కుండపొట్ట బొమ్మకు కొరివి

ఒకానొక రాజ్యంలో, అది ఏ రాజ్యమని మాత్రం అడక్కండి, చెబితే నా మెడకు చుట్టుకుంటుంది, రణభీముడనే రాజు ఉండేవాడు. యుద్ధమంటే ఎరగడు గాని, మీసాలకు రోజూ ఆముదం రాసి దువ్వేవాడు. కవులు మన్మథుడివి నువ్వేనంటే, కాదనడం మర్యాద కాదని ఊరుకునేవాడు.

ఆ ఊళ్ళో ఓబులమ్మ అని దిక్కులేని ముసలమ్మ. ఏటికి వరద వచ్చి తీసిందంటే చాలు, కొట్టుకొచ్చిన మొద్దులూ, పగిలిన కుండలూ, కొబ్బరిపీచూ ఏరుకొచ్చి ఒడ్డున బొమ్మలు నిలబెట్టేది. చూడవచ్చినవాళ్ళు పోసిన గింజలే ఆమెకు కూడు.

ఆ ఏడు ఒక బొమ్మకు కుండపొట్ట కుదిరింది, పీచు మీసం కుదిరింది, నెత్తిన విరిగిన చాట కిరీటంలా కూర్చుంది. జనం వచ్చి చూసి, నోటికి కండువాలు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలెట్టారు. ఎందుకు నవ్వుతున్నారో ఎవరూ పైకి అనలేదు. ఎవరి తల వాళ్ళకు ముద్దు గదా.

రాజూ వచ్చి చూశాడు. మొహం కందగడ్డయింది. నాలా ఉందని తన నోటితో ఎలా అంటాడు? అందుకని, "చెత్తతో చేసినవి బొమ్మలు కావు, కళకే అవమానం. రేపు నా కళ్ళముందు తగలబెట్టండి. ముసలిదాన్ని పొలిమేర దాటించండి" అని ఆజ్ఞ వేశాడు.

కొలువులో విదూషకుడు అక్కిభట్టుకు ఆ బొమ్మలంటే ప్రాణం. పరుగున ఓబులమ్మ గుడిసెకు పోయాడు.

"ఈ వయసులో నన్నెక్కడికి పొమ్మంటారు బాబూ?" అని ఏడ్చిందామె.

"చూద్దాంలే అవ్వా" అన్నాడు గాని, ఏం చూడాలో అప్పటికి అతనికీ తెలియదు.

తెల్లారేసరికి బొమ్మల చుట్టూ ఎండుగడ్డి పేర్చారు. రాజు పల్లకి దిగాడు. అప్పుడు అక్కిభట్టు తడిబట్టలతో, భుజాన నీళ్ళకుండతో, చేతిలో దర్భలతో వచ్చి కుండపొట్ట బొమ్మ పక్కన నిలబడ్డాడు.

"యువరాజుగారు ఇంకా రాలేదేం? కొరివి ఎవరు పెడతారు?"

"ఏమిటా అశుభపు కూతలు?" అన్నాడు రాజు.

"పరదేశంలో పోయి శవం దొరకనివారికి బొమ్మ చేసి దహనం చేయడం మన ఆచారమే కదా, ప్రభూ. బొమ్మ ఎవరి పోలికైతే కర్మ వారికే చెందుతుంది."

"ఇది ఎవరి పోలిక?" అని, అన్నాక నాలిక కరుచుకున్నాడు రాజు. మంత్రులు కాలి బొటనవేళ్ళు చూసుకుంటున్నారు.

"అది తమరే సెలవియ్యాలి. కాదంటారా, ఏటికి కొట్టుకొచ్చిన కుండమీద తమకింత కోపమేమిటని ఊరు అడుగుతుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడంటుంది. తమ పోలికే అంటారా, నిప్పు పెట్టేలోగా రాణిగారి గాజుల సంగతి ఆలోచించాలి."

రాజు అలవాటు చొప్పున మీసం మీద చెయ్యి వేశాడు. ఎదురుగా పీచు మీసం చూసి చెయ్యి దించేశాడు. పల్లకి బోయీ ఒకడు ఆపుకోలేక కిసుక్కుమన్నాడు. దాంతో రాజుకూ నవ్వొచ్చేసింది.

"గడ్డి తీసెయ్యండిరా. బతికుండగా నాకే కొరివి పెట్టుకోబోయాను" అని తన శాలువా తీసి అక్కిభట్టుకు కప్పాడు. ఓబులమ్మను పిలిచి, ఉన్నచోటే ఉండమన్నాడు, ఏటి ఒడ్డు ఆమెకే రాసిచ్చాడు. ఇచ్చినవాడు ఊరుకోవచ్చు గదా, మెల్లిగా ఆమె చెవి దగ్గరకు వంగాడు.

"అవ్వా, పొట్ట మాత్రం కాస్త తగ్గించరాదూ?"

"నాకు చెక్కడం రాదు, దొరా. దొరికింది దొరికినట్టు పెట్టేదాన్ని. తగ్గే పనేదో తమరే చూసుకోవాలి" అంది ఓబులమ్మ.

రాజు రెండు చేతులా పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఆ వరద తరవాత ఏటి ఒడ్డున జనం తగ్గిందీ లేదు, ఓబులమ్మకు కూడు తప్పిందీ లేదు. మంత్రులు మాత్రం పనిలేకపోయినా అటుగా నడిచి, కొత్త బొమ్మల మొహాలు ఓరగా చూసి పోతుండేవారట.