మూడో కుండ రుచి

అనగనగా, వరి మొలవని రాతిరాజ్యం ఒకటి ఉండేదర్రా. అక్కడి కొండ నిండా రాకాసి మట్ట మొక్కలే. చుట్టూ కత్తుల్లాంటి ఆకులు, నడిమధ్య బిందెడంత గడ్డ. ఆ గడ్డను గుంతలో వేడిరాళ్ల మీద కాల్చి, దంచి, పులియబెట్టి, బట్టీ పెట్టి సారా దింపేవారు. ముందు పొగవాసన, తర్వాత మట్టివాసన, చివర సన్నని తీపి. పెద్దవాళ్లకి వింటేనే నోరూరుతుంది. మీకు మాత్రం కథే.

ఆ మట్ట ముదరాలంటే ఏళ్లూ పూళ్లూ పడతాయి. అందరూ లేతగా నరికేస్తే కొండ బోడైపోతుంది, ఊరు పస్తులుంటుంది. అందుకే రాజుగారు కట్టడి చేశారు. లేత గడ్డ నరికినవాడి బట్టీ పగలగొట్టాలి, వాడు కొండ దిగిపోవాలి. ఏది లేతో ఏది ముదురో తేల్చేది, కొలువులో సారా రుచి చూసే కోనమ్మ నాలుక.

ఆ ఏడు కొలువుకు మూడు సారా కుండలొచ్చాయి. ఎవరివో చెప్పరు.

కోనమ్మ మొదటిది చప్పరించింది. "చింతకట్టె పొగ. ముదురు గడ్డ. మంచిది ప్రభూ."

రెండోది చప్పరించింది. "ఎర్రనేల గడ్డ. ఇదీ ముదురే."

మూడోది నాలుకకు తగలగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. పైకి తేనె తీపి, అడుగున పచ్చి చేదు. ఆ వెనకాలే జామాకు వాసన. పులిసే కుండకు జామాకులు కప్పేది కొండ మొత్తం మీద తమ ఇంట్లోనే. అమ్మ నేర్పిన పని. అంటే ఇది తమ్ముడు అంకన్నది.

"గొంతు సరిగ్గా తడవలేదేమో, ఇంకోసారి పుచ్చుకో అక్కా," అని నవ్వాడు, కుండలు తెచ్చినవాళ్ల మధ్య నిలబడ్డ అంకన్న. కళ్లు మాత్రం బతిమాలుతున్నాయి.

మళ్లీ తాగింది. చేదే. మూడోసారీ చేదే.

"ఏమిటమ్మా, నాలుక మొద్దుబారిందా?" అన్నారు రాజుగారు.

"బారినా బాగుండేది ప్రభూ. ఇది లేత గడ్డ. తేనె పోసి కప్పెట్టారు."

"ఎవరిదో తెలుసా?"

"తెలుసు. నా తమ్ముడిది."

పొద్దుగూకకముందే భటులు బట్టీ పగలగొట్టారు. అంకన్న పెళ్లాన్ని వెంటబెట్టుకుని, చంటిపిల్లను భుజానేసుకుని కొండ దిగాడు. కోనమ్మ సద్దిమూట పట్టుకుని వెనకాలే పరిగెత్తింది.

"ఈ పిల్లను పెట్టుకుని, మట్టలు ముదిరేదాకా ఏం తినమన్నావే అక్కా?" అన్నాడు. మూట అందుకోలేదు.

కోనమ్మ మూటను దారిపక్క రాతిమీద పెట్టింది.

కొండ పచ్చగానే ఉంది. ఊరు మూడు పూటలా తింది, కోనమ్మను నోరారా పొగిడింది. తమ్ముడు మాత్రం మళ్లీ అక్క గడప తొక్కలేదు.

కాబట్టి పిల్లలూ, నిజం ఊరందరికీ మేలు చేస్తుంది, దాని చేదు మాత్రం చెప్పినవాళ్లే మింగాలి. మింగైనా సరే, చెప్పాలి.