మసిచేతుల రాజ్యం

అనగా అనగా సముద్రపు ఒడ్డున రత్నకూటమని ఒక రాజ్యం, దాన్ని ఏలే ధర్మకేతుడని ఒక రాజు. పేరు చూసి మోసపోకండి పిల్లలూ. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు తిండిపోతు, నడిపివాడు నిద్రపోతు, చిన్నవాడు పుష్పకేతుడు ఒట్టి కోపిష్టి. ఈ కథ ఆ కోపిష్టివాడిది.

ఆ రాజ్యంలో ఒక దిక్కుమాలిన ఆచారం ఉండేది. ఎవరిమీదైనా దొంగతనం మోపితే చాలు, నిజమా అబద్ధమా అని అడిగే నాథుడు లేడు, ముందు కుడి అరచేతికి మంత్రించిన మసి పూసేవాళ్ళు. ఆ మసి చింతపండుకు పోదు, కుంకుడురసానికి పోదు, ఇసుకతో తోమినా పోదు. విచారణలో నిర్దోషి అని తేలితే మాంత్రికుడే కడగాలి. ఈలోగా మసిచెయ్యి ఇచ్చిన నీళ్ళు ఎవరూ తాగకూడదు. మసిచెయ్యి వాళ్ళ మాట సాక్ష్యానికి చెల్లదు. వాళ్ళ ఇంటికి తాళం పడుతుంది. మరి విచారణ ఎప్పుడయ్యా అంటే, రేపు. రేపు వెళితే మళ్ళీ రేపు. విచారించాల్సినవాడు కరాళుడనే మాంత్రికుడు. ఆ తాళంచెవులన్నీ వాడి మొలకే వేలాడుతుండేవి. విచారణ జరగనంతకాలం ఆ ఇళ్ళన్నీ వాడివే, ఇక వాడికేం తొందర?

ఒకనాడు రాజుగారి ముద్రిక కనిపించకుండా పోయింది.

"చిన్నబాబుగారే తీశారు" అన్నాడు కరాళుడు.

అంతే. సింహాసనం మీదున్న తండ్రి కొడుకును ఒక్క మాట అడగలేదు. భటులు చెయ్యి పట్టుకుని మసి పూసేశారు.

"నేను తీయలేదు నాన్నగారూ" అన్నాడు పుష్పకేతుడు.

"మసిచేతివాడి మాట చెల్లదు నాయనా. చట్టం" అన్నాడు రాజు, ఎటో చూస్తూ.

భోజనాల దగ్గర పెద్దన్న తన విస్తరి ఎత్తుకుని అవతలికి జరిగాడు. చిన్నన్న అసలు లేచే వెళ్ళిపోయాడు. పుష్పకేతుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. పళ్ళు పటపట కొరుకుతూ కోట దాటి సముద్రపు ఒడ్డుకు వచ్చాడు.

అక్కడ నూకాలు అనే పడవపిల్ల, పడవ పలకల సందుల్లో నార కూరుతోంది. ఆమె కుడిచెయ్యీ నల్లగానే ఉంది.

"ఎంత అన్యాయమో చూశావా" అని పుష్పకేతుడు తన చెయ్యి చాపి చూపించాడు.

"ఎన్నాళ్ళయింది బాబూ?"

"ఇవాళే."

"నాకు ఆరేళ్ళయింది. ఎవరిదో వల పోతే నా చేతికి పూశారు. మా అమ్మ చచ్చిపోతూ దాహమంటే, నా చేత్తో గుక్కెడు నీళ్ళు పొయ్యనివ్వలేదు మీ భటులు. అప్పుడు మీరెక్కడున్నారు? మీ చేతికి అంటేదాకా మా చేతులు కంటికి ఆనలేదా?"

పుష్పకేతుడు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ పిల్ల కోపం ముందు తన కోపం ఏపాటిది? సిగ్గుతో తల దించుకున్నాడు.

నూకాలే మళ్ళీ అంది. "ఆ కరాళుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల దీవిలో ఉంది, ఒక చిలుకలో. పడవ వాళ్ళందరికీ తెలుసు. నల్లచేతి వాళ్ళం చెబితే ఎవడు వింటాడు?"

"పడవ తియ్యి. దాని పీక పిసికేస్తాను."

ఇద్దరూ బయల్దేరారు. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, మూడు దాటారు. తెడ్డు వేసి వేసి అరచేతులు బొబ్బలెక్కాయి. ఏడూ దాటి దీవిలో కాలు పెట్టేసరికి మూడు జంతువులు ఎదురొచ్చాయి. గద్ద కోడిపిల్లల దొంగట, ఎలుక గింజల దొంగట, ఎలుగుబంటి తేనె దొంగట. ఊళ్ళోంచి తరిమేస్తే ఇక్కడికొచ్చి పడ్డాయి.

"నువ్వు నిజంగా తీశావా?" అని ఒక్కోదాన్నీ అడిగాడు పుష్పకేతుడు.

"తీశాను" అంది గద్ద. "తీయలేదు" అంది ఎలుక. "సగమే తిన్నాను, మిగతా సగం ఎవడు తిన్నాడో నాకు తెలియదు" అంది ఎలుగు. ఇన్నేళ్ళకి అడిగేవాడొకడు వచ్చాడని మూడూ మురిసిపోయాయి. గద్ద చిలుకున్న గుహ చూపించింది. ఎలుగు గుహకు అడ్డమున్న బండ దొర్లించింది. లోపల అడ్డంగా కట్టిన వలను ఎలుక కొరికింది.

గుహలో దీపం వెలుగుతోంది. పక్కనే పంజరంలో పచ్చటి చిలుక, దాని కాళ్ళ దగ్గర రాజుగారి ముద్రిక తళతళలాడుతోంది. అది చూడగానే పుష్పకేతుడికి ఒళ్ళు మండిపోయింది.

"దొంగచిలుకా, ముద్రిక నీ దగ్గరుందా" అంటూ దీపం మీది మసి వేలితో గీకాడు. రత్నకూటంలో పుట్టినవాడు కదా. దొంగ అని నోట అన్నాక చెయ్యి దానంతటదే మసి దగ్గరికి పోతుంది. చిలుక రెక్కకు పూయబోయేంతలో నూకాలు మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఇంతసేపూ ఏం నేర్చుకున్నావయ్యా? నువ్వు మసి పూస్తే రేపు దీని మాట చెల్లుతుందా?" అంది. మర్యాదలన్నీ ఏడు సముద్రాల్లో కొట్టుకుపోయాయి.

పుష్పకేతుడికి తన మీద తనకే అసహ్యం వేసింది. మసి బట్టకు తుడుచుకుని మెల్లగా అడిగాడు. "నువ్వు తీశావా, అమ్మా?"

"నేను దేన్నీ తీయలేదు" అంది చిలుక. "ముద్రిక ఇక్కడ దాచింది కరాళుడే. తన ప్రాణం నాలో పెట్టిందీ వాడే. వద్దంటే విన్నాడా? ఇప్పుడు నువ్వొచ్చి నా పీక పిసుకుతానంటావు."

"పిసకను. సభకొచ్చి ఈ మాటే చెబుతావా?"

"చెబుతాను."

ముద్రిక తమ చేతుల్లో కనిపిస్తే దొంగలు తామే అవుతారు గనక, దాన్ని చిలుకే ముక్కున కరుచుకుంది.

పంజరం తెరిచి, దాన్ని పడవలో రత్నకూటానికి తీసుకొచ్చారు. సభలో చిలుక ముద్రికను రాజుగారి ఒళ్ళో పడేసి, జరిగింది జరిగినట్టు చెప్పింది. కరాళుడు అరిచాడు. "దాని నోరు మూయించండి."

"రా, వచ్చి నువ్వే మూయించు. నాతోపాటు నువ్వూ పోతావు" అంది చిలుక.

కరాళుడి అడుగు ముందుకు పడలేదు. జనం మసి గిన్నె పట్టుకుని వాడి మీదికి ఎగబడ్డారు. పుష్పకేతుడు ఆ గిన్నె లాక్కుని నేలకేసి కొట్టాడు.

"ముందు అడగండి. నేరం వాడిదే అని నాకూ తెలుసు. అయినా అడగండి" అన్నాడు ఊగిపోతూ.

అడిగారు. కరాళుడు రాజువంక చూసి విరగబడి నవ్వాడు. "అవును, తీశాను. ఇళ్ళన్నీ కాజేశాను. ఒక్క విచారణైనా జరిగిందా అని మహారాజుగారు ఏనాడైనా అడిగారా?"

"నాకు తెలియదు" అన్నాడు రాజు.

"అడగలేదు కాబట్టి తెలియలేదు" అంది నూకాలు. నిండు సభలో, రాజు మొహం మీదే. ఎవరూ ఆమెను వారించలేదు.

ఆ మాటకు ధర్మకేతుడు కిరీటం తీసి చిన్నకొడుకు చేతిలో పెట్టి సింహాసనం దిగిపోయాడు. కరాళుడికి పడిన శిక్ష ఏమిటంటే, తాళాలన్నీ తీసి, రాజ్యంలో ఉన్న ప్రతి మసిచేతినీ తన మంత్రంతో తనే కడగాలి, తరవాత చెరసాలకు పోవాలి. చిలుక బతికినన్నాళ్ళూ వాడూ అక్కడ బతకాలి.

నూకాలు వంతు వచ్చింది. చెయ్యి కడిగించుకుని, తెల్లబడిన అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంది. "ఇప్పుడు నీళ్ళు పోస్తే తాగడానికి మా అమ్మేదీ?" అని బావురుమంది.

ఏడాది గడిచాక పుష్పకేతుడు సముద్రపు ఒడ్డుకు వెళ్ళి, నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు.

"అడిగావు గనక చెబుతున్నా. చేసుకుంటా" అంది నూకాలు.

ఊరూరా పందిళ్ళు వేశారు. వాళ్ళిద్దరూ జుట్టు నెరిసేదాకా చల్లగా రాజ్యం ఏలారు. సభలో ఎవడైనా విచారణ రేపటికి పెడదామన్నాడో, రాణిగారు చూసే చూపుకు వాడి నాలుక పిడచకట్టుకుపోయేది. కథ కంచికి చేరింది పిల్లలూ. నా కోపం మాత్రం ఇంకా దారిలోనే ఉంది.