ఎర్రమాత్రకు గిట్టని చుట్టం

అనగనగా, మిరపచేల నడుమ ఒక ఊళ్ళో తిరపతమ్మ అని ఒక కూలిపిల్ల ఉండేదిరా బుజ్జీ. తొలిచూలు. నాలుగో నెల. ఒంట్లో రక్తం ఏడే ఉందన్నారు. పదికి రాకపోతే కాన్పులో తల్లికీ గండమే, బిడ్డకీ గండమే.

అప్పుడు ఆసుపత్రిలో ఎర్రమాత్రలిచ్చారు. తిరపతమ్మ రోజుకొకటి మానకుండా మింగింది. నెల తిరిగాక వేలు గుచ్చి చూశారు. ఏడే. ఆ తర్వాత నెలా చూశారు. ఏడే.

అప్పుడు డాక్టరుగారు చీటీ మీంచి తలెత్తకుండానే, "మాత్రలు పారేస్తున్నావు" అన్నాడు. అత్త అంకమ్మ, "గోడవతలకి విసురుతోందేమో" అంది. చివరికి మొగుడు కూడా గోడవతలకి తొంగి చూసొచ్చాడు. లేనోళ్ళ మాట నమ్మడానికి లోకానికెప్పుడూ తీరికుండదు బుజ్జీ. బిడ్డ కోసం మాత్రలు మింగుతూనే, ఆ పిల్ల అబద్ధాలకోరనిపించుకుంది.

ఆ తర్వాత ఆ ఊరికి కొత్త నర్సమ్మ వచ్చింది. పేరు ఏసుమణి. ఆవిడ తిట్టలేదు. పొద్దున్నే తిరపతమ్మ ఇంటికి నడిచొచ్చి, పొయ్యి పక్కన కూర్చుని, "ఎలా మింగుతావో ఒకసారి చూపించు తల్లీ" అంది. అంతే. అంతవరకూ ఆ మాట ఎవరూ అడగలేదు.

అప్పుడు అంకమ్మ కోడలికి చిక్కటి టీ అందించింది. తిరపతమ్మ మాత్ర తీసింది, గ్లాసెత్తింది. ఏసుమణి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపింది.

"టీకీ ఈ మాత్రకీ సవతిపోరమ్మా. మాత్రలో ఇనుముంటుంది. టీ దాన్ని కడుపులోనే పట్టేసుకుని రక్తంలోకి పోనివ్వదు. రెంటికీ రెండు గంటల ఎడం పెట్టు. నిమ్మనీళ్ళతో మింగు, నిమ్మకాయ దానికి పుట్టిల్లు. విరేచనం నల్లగా అవుతుంది. భయపడకు, మానకు."

"ఇన్నాళ్ళూ ఆ టీ పెట్టిచ్చింది నేనే" అంది అంకమ్మ, తల దించుకుని.

"అయితే రేపట్నుంచి నిమ్మకాయ పిండేదీ నువ్వే పెద్దమ్మా."

తిరపతమ్మ కళ్ళు తుడుచుకుంది. "నన్ను నమ్మావా అక్కా?"

"నీ తప్పేం లేదు. చెప్పాల్సింది మేం చెప్పలేదు. అర్థమయ్యేలా చెప్పించుకోవడం నీ హక్కు, మా దయ కాదు."

ఆ తర్వాత నెల ఎనిమిదిన్నర. ఆ పై నెల పది. ఆ రోజు డాక్టరుగారు చీటీ మీంచి తలెత్తి తిరపతమ్మ మొహం చూశాడు. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది, ఊరంతా వినపడేలా ఏడ్చింది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో ఏ పిల్ల నెల తప్పినా, తిరపతమ్మ మిరపకోత ఆపి పక్కన కూర్చుంటుంది. "ఎలా మింగుతావో చూపించు తల్లీ" అంటుంది.

మాత్రేమో నిమ్మనీళ్ళకి, టీ గ్లాసు పక్కింటికి,
కథ వెళ్ళె కంచికి, నిద్ర వచ్చె కంటికి.