ఎండ తగిలిన వైపు

ఆదెమ్మ బొమ్మను రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత నలగకుండా జాగ్రత్తగా బల్ల మీద పెట్టేసింది.

"బాగుంది తల్లీ. ఎంత కష్టపడి చేశావో పాపం," అంది. "కానీ ఈయన మా ఆయన కాదు."

ఆ బొమ్మ చేసిన ప్రవల్లిక దాన్ని చేతిలోకి తీసుకుని మళ్లీ చూసుకుంది. ఆదెమ్మ కొంగు భుజాన వేసుకుని, మెట్ల గోడ పట్టుకుని మెల్లగా దిగి వెళ్లిపోయింది.

ఆ మెట్లు మార్కాపురంలో ఓ పుస్తకాల కొట్టు పక్కనుంచి పైకి వెళ్తాయి. పైన ఖాదర్‌వలి మాస్టారి గది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గోడ నిండా ముఖాలు. మాస్టారు వయసులో ఉన్నప్పుడు బస్సుల మీదా లారీల మీదా పేర్లు రాసేవారు. ఫ్లెక్సీలొచ్చి కుంచెకు పని లేకుండా పోతే, యాభయ్యో ఏట పిల్లల మధ్య కూర్చుని కంప్యూటరు నేర్చుకున్నారు. ఆయన దగ్గర పని నేర్చి సొంతంగా కొట్లు పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఇప్పుడు మిగిలిన శిష్యురాలు ప్రవల్లిక ఒక్కతే.

వాళ్లు చేసేది లో పాలీ బొమ్మ. మాస్టారు దాన్ని ముక్కల బొమ్మ అంటారు. ఫోటో మీద వందల కొద్దీ చిన్న త్రికోణాలు గీసి, ప్రతి త్రికోణంలోనూ అక్కడున్న రంగు నింపుకుంటూ పోతారు. అన్నీ నిండాక ఫోటో తీసేస్తే ముఖం నిలబడుతుంది. ఒక్కో ముఖానికి రెండు రోజులు పట్టే పని అది. ప్రవల్లిక ఆరు గంటల్లో లేపేది. ఆ సంగతి అడిగినవాళ్లకీ చెప్పేది, అడగనివాళ్లకీ చెప్పేది.

ఆదెమ్మ భర్త పోలయ్య ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపాడు. వచ్చే గురువారానికి ఆయన పోయి ఏడాది. ఇంట్లో ఉన్నదల్లా డిపో గుర్తింపు కార్డు మీది ఫోటో, బొటనవేలంత. దాన్ని పెద్దది చేస్తే ముఖం చెదిరిపోతోంది. ముక్కల బొమ్మకు ఆ బాధ లేదు, గోడంత చేసినా చెదరదు. అందుకే వచ్చింది ఆమె.

"ఈమధ్య కళ్లు మూసుకుంటే ఆయన ముఖం సరిగా రావటంలా తల్లీ," అని చెప్పింది ఫోటో ఇచ్చిన రోజు. "గొంతు వినపడతది. చేతులు గుర్తొస్తయి. ముఖమే జారిపోతంది. పూర్తిగా పోకముందే మంచంలోంచి కనపడేటట్టు పెట్టుకోవాల."

అలా అడిగిన మనిషి, ఇప్పుడు బొమ్మను బల్ల మీద వదిలేసి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం నమాజు చేసుకుని మాస్టారు పైకి వచ్చేసరికి ప్రవల్లిక కంప్యూటరు కట్టేసి కూర్చుంది.

"ఏందమ్మా, ముఖం అట్లా పెట్టావు?"

"నేనేం తప్పు చేశాను మాస్టారూ? ఒక్క త్రికోణం గీత దాటలేదు. రంగులన్నీ ఫోటోలోంచే తీశాను. కంటికీ కంటికీ వెంట్రుకవాసి తేడా లేదు. అయినా మా ఆయన కాదంటుందేంటి? ఇలాంటి బొమ్మ ఆమె ఎప్పుడూ చూసుండదు. అర్థం కాలేదు ఆమెకి."

ఆ చివరి మాట అన్నాక తనకే కాస్త సిగ్గేసింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

మాస్టారు బొమ్మను కిటికీ దగ్గరికి పట్టుకెళ్లారు. కార్డు మీది ఫోటోను భూతద్దం కింద పెట్టి చూశారు. మళ్లీ బొమ్మను చూశారు.

"ఏ వైపు గీశావు?"

ప్రవల్లిక గతుక్కుమంది. "ఎడమ వైపు మాస్టారూ. ఫోటోలో ఆయన కుడి చెంప మీద నీడ పడింది. అంతా నల్లగా, మసకగా ఉంది. అందుకని ఎడమ సగం గీసి, కాపీ చేసి, తిప్పి అతికించాను. అందరూ అట్లాగే చేస్తారు. పని సగమవుతుంది."

మాస్టారు తిట్టలేదు. సొరుగు లాగి ఇనప స్కేలూ కట్టరూ తీశారు. బొమ్మను బల్ల మీద పరిచి, నుదుటి మధ్య నుంచి ముక్కు మీదుగా గడ్డం దాకా స్కేలు ఆనించారు.

"మాస్టారూ!"

ఆమె కుర్చీలోంచి లేచేలోపే బొమ్మ రెండు ముక్కలైంది. తిప్పి అతికించిన సగాన్ని ఆయన సొరుగులో పెట్టేశారు. రెండో సగం ఆమె చేతికిచ్చారు.

"నువ్వు గీసింది ఇంత. ఇది ఆమెకిచ్చి రా."

"సగం ముఖమా? చనిపోయిన మనిషి బొమ్మ మాస్టారూ! ఆమె ఏమనుకుంటుంది?"

"రెండో సగం ఎవరిదో మనకు తెలియదు కదమ్మా," అన్నారాయన.

గురువు మాట కాదనలేక బయల్దేరింది. దారి పొడుగునా ఏడుపు ఆపుకుంటూనే నడిచింది. మాస్టారి మీద కోపం, ఆదెమ్మ మీద కోపం, ఎదురొచ్చిన ఆటో మీద కూడా కోపం. ఆ కోపం కింద భయం. భర్త ముఖాన్ని కోసి తెచ్చావా అని ఆమె అడిగితే ఏం చెప్పాలి?

బస్టాండు వెనక సందులో ఆదెమ్మ ఇల్లు. గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ప్రవల్లికను చూసి చేతులు కొంగుకు తుడుచుకుంది. ప్రవల్లిక కాగితం ఇచ్చి తల దించుకుని నిలబడింది.

తిట్లు రాలేదు. తలెత్తి చూస్తే ఆదెమ్మ సగం బొమ్మను ఒళ్లో పెట్టుకుని దాని మీదికి వంగి ఉంది.

"ఆయనే," అంది. "ఈ కన్ను ఆయనదే. ఈ పక్కంతా ఆయనే తల్లీ." ఆమె వేళ్లు చెంప మీదుగా జరిగి, కాగితం తెగిన చోట ఆగాయి. అక్కడినుంచి ఒట్టి చీరే. ఆ చీర మీద కూడా వేళ్లు ఇంకొంచెం ముందుకు వెతుక్కున్నాయి. "మరి ఎండ పక్క ఏది?"

"ఎండ పక్క ఏంటి పెద్దమ్మా?"

"ముప్పై ఒక్కేళ్లూ మాచర్ల బండే గదా తోలింది, ఉత్తరం దారిలో. పొద్దున పొయ్యేటప్పుడు ఎండ కుడిపక్క. మధ్యాహ్నం మీద తిరిగొచ్చేటప్పుడు కూడా కుడిపక్కే. డ్రైవరు కిటికీ ఆ పక్కనే ఉంటదాయె. ఈ చెంప కుర్రోడిది, ఆ చెంప ముసలోడిది. ఒకే యూనిఫారంలో ఇద్దరు డ్రైవర్లొస్తారని డిపోలో ఎగతాళి చేసేవోళ్లు."

నవ్వుతూనే చెప్పింది. చెబుతూ చెబుతూ మధ్యలో కళ్లు ఒత్తుకుంది.

ప్రవల్లిక గుమ్మం మెట్టు మీద కూలబడింది. ఫోటోలో ఆ నలుపు ఆమెకు కళ్లకు కట్టింది. ముప్పై ఒక్కేళ్ల ఎండ అది. తను దాన్ని నీడ అనుకుంది, పనికిరాదని తీసి పక్కన పడేసింది. ఆమెకు దుఃఖం ఆగలేదు. ఈసారి అది తన కోసం కాదు.

కాసేపటికి ముఖం తుడుచుకుని అడిగింది. "ఎక్కడెక్కడ ముడతలుండేవో చెప్తావా పెద్దమ్మా?"

ఆదెమ్మ తన చెంప మీదే చూపించింది. చింతపండు మరకల వేలితో కంటికొస నుంచి మూడు గీతలు గీసింది. ఎండకు ఆ కన్ను ఎప్పుడూ సగం మూసే ఉండేదంది. చెవి తమ్మె మాడిపోయి ఉండేదంది. పెదవి ఆ మూల పగిలి ఉండేదంది. చెబుతున్నకొద్దీ ఆమెకు ఇంకా ఇంకా గుర్తొచ్చాయి. ప్రవల్లిక సగం బొమ్మ వెనక్కి తిప్పి అన్నీ రాసుకుంది.

తిరిగి వచ్చేసరికి మాస్టారు ఏదో పెళ్లి కార్డు దిద్దుతున్నారు. ఆమె వచ్చి పక్కన నిలబడింది.

"మాస్టారూ, ఫోటోలో నీడేదో, ఎండేదో ఎలా తెలుస్తుంది?"

"ఫోటోలో తెలియదు," అని ఆయన మళ్లీ పనిలో పడ్డారు.

ప్రవల్లిక కంప్యూటరు పెట్టి, తిప్పి అతికించిన సగాన్ని చెరిపేసింది. కుడి చెంప మొదటినుంచి గీయడం మొదలుపెట్టింది. ఎడమవైపు వేసినంత పెద్ద త్రికోణాలు ఇటు పనికిరాలేదు. కంటి కింద బియ్యపు గింజలంత ముక్కలు చేయాల్సొచ్చింది. రోజుకోసారి అచ్చు తీసి ఆదెమ్మ దగ్గరికి పట్టుకెళ్లేది. "ఇంకా నలుపు తల్లీ," అనేది ఆమె. ప్రవల్లిక మళ్లీ వచ్చి కూర్చునేది. ఆరు గంటల్లో ముఖం లేపే పిల్లకు ఒక్క చెంపకు నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ మాస్టారు ఆమె వెనక్కి వచ్చి చూడలేదు, ఎందాకా వచ్చిందని అడగనూ లేదు.

బుధవారం సాయంత్రం గురుశిష్యులిద్దరూ ఫ్రేము కట్టిన బొమ్మ తీసుకుని వెళ్లారు. మంచానికి ఎదురుగా ఉన్న మేకుకు మాస్టారే తగిలించారు. పోలయ్య ఒక కన్ను బాగా తెరిచి, ఒక కన్ను చికిలించి గోడ మీంచి చూస్తున్నాడు. ఒక చెంప నున్నగా ఉంది. రెండోది కమిలి ముడతలు పడి ఉంది.

ఆదెమ్మ బాగుందనలేదు, బాగాలేదనలేదు. బొమ్మ దగ్గరగా వెళ్లింది. అరచెయ్యి ఎత్తి ఆ నల్లటి చెంప మీద ఆనించింది.

"ఏమయ్యా, ఇంకా మండుతోందా?" అని అడిగింది.

ప్రవల్లిక మాస్టారి వైపు తిరిగింది. ఆయన అప్పటికే గుమ్మం బయట చెప్పులు వేసుకుంటున్నారు. ఆమె కూడా చప్పుడు చేయకుండా బయటికి వచ్చేసింది.