పొగడచెట్టు మీద రాజుగారి గొడ్డలి

ఒకానొక రాజ్యంలో ఏ పని ఎవరు చేసినా రాజుగారే చేసినట్టు లెక్క. చెరువు తవ్వింది కూలీలు. దండోరా మాత్రం "మహారాజావారు స్వహస్తాలతో చెరువు తవ్వారహో!" అని. కోటగోడ కట్టిందీ ఆయనే, బాటలు వేసిందీ ఆయనే. ఒక ఏడు వానలు బాగా పడితే అవి కూడా తన చలవే అన్నారు. ఆయన పేరు రణభేరివర్మ. పేరు వింటేనే తెలియడం లేదూ, మనిషెలాంటివాడో!

ఆ కొలువులో తిప్పాభొట్లు అని ఒక హాస్యగాడు. కోటకు ఎదురుగానే ఆయన ఇల్లు. వాకిట్లో ఒక పొగడచెట్టు. ఆయన భార్య సూరమ్మ కాపురానికొచ్చిన కొత్తలో నాటింది.

సూరమ్మ ఉన్నన్నాళ్లూ ఒకటే పోరు. "ఏమండీ, ఆ కొమ్మలు కాస్త కొట్టించండి. ఏదో ఒకనాడు ఎండుకొమ్మ మీ నెత్తినే పడుతుంది."

"పడితే పడనీవే. కొత్త చమత్కారం ఒకటి పుడుతుంది" అనేవాడు తిప్పాభొట్లు.

ఇప్పుడు పోరేవాళ్లు లేరు. సూరమ్మ కాలం చేసి కొన్నేళ్లయింది. చెట్టు అడవిలా అల్లుకుపోయింది. కొలువులో అందరినీ కడుపుబ్బ నవ్వించే మనిషి, ఇంటికొస్తే ఆ చెట్టు కింద ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేవాడు. ఏటా వేసవిలో పూలు రాలినప్పుడు పొద్దెక్కేదాకా వాకిలి ఊడ్వనిచ్చేవాడు కాదు. ఎవరో వచ్చి ఏరుకుంటారన్నట్టు చూస్తూ ఉండేవాడు.

ఇలా ఉండగా రాజుగారు కొత్తమేడ కట్టారు. అంటే, కట్టించారు లెండి. రోజూ సాయంత్రం ఆ మేడ మీద కూర్చుని ప్రజలకు దర్శనం ఇవ్వడం మొదలుపెట్టారు. తీరా చూస్తే పొగడకొమ్మలు అడ్డం. కింద నుంచి దణ్ణం పెట్టేవాళ్లకు రాజుగారి చెప్పులు కనబడుతున్నాయి గానీ మీసాలు కనబడటం లేదు.

రాజుగారికి ఒళ్లు మండిపోయింది. "భొట్లూ! రేపు పొద్దున్నే ఆ చెట్టును మొదలంటా నరికించేస్తున్నాను."

"ప్రభూ, అడ్డొచ్చిన కొమ్మలు నేనే కొట్టిస్తాను. క్షవరంతో పోయేదానికి తల తియ్యడం ఎందుకండీ?"

"రాజు ముఖానికి అడ్డొచ్చినదాన్ని సగం సగం శిక్షించడం మా వంశంలో లేదు!" అంటూ రాజుగారు మీసం తిప్పారు. కొలువంతా తలలూపింది. వాళ్ల పనే అది కదా!

తిప్పాభొట్లు ఇంటికొచ్చి చెట్టు కింద చతికిలబడ్డాడు. పైన కొమ్మ కొమ్మకూ మొగ్గ. ఇంకొన్నాళ్లు ఆగితే వాకిలంతా తెల్లగా రాలే పూలు. 'ఈ ఏడు ఆ పూత కూడా చూసుకోనివ్వరా నన్ను' అనుకున్నాడు.

అప్పుడే ఒక దాసీ పుల్లమామిడికాయల బుట్ట నెత్తిన పెట్టుకుని కోటలోకి పోతోంది.

"ఎవరికమ్మా అన్ని కాయలు?"

"చిన్న రాణీగారికండి. ఐదో నెల. పులుపు తప్ప ఇంకేమీ ముట్టడం లేదు."

తిప్పాభొట్లుకు ఎప్పటి ముచ్చటో కళ్లకు కట్టింది. సూరమ్మ కూడా ఒకప్పుడు ఈ చెట్టు కిందే కూర్చుని, ఇలాగే పుల్లకాయ కొరికింది. ఆ బిడ్డ దక్కలేదనుకోండి. కానీ కొమ్మలు కొట్టమని పోరే మనిషి, కడుపుతో ఉన్న ఆ నాలుగు నెలలూ మాత్రం కొడవలి ఆయన చేతికి అందకుండా దాచేసింది. ఎందుకో గుర్తురాగానే కండువా దులుపుకుని లేచాడు.

తెల్లారింది. రాజుగారు గొడ్డళ్ల మనుషులతో వచ్చేసరికి వాకిట్లో తివాచీ, సన్నాయి మేళం, పసుపూ కుంకుమా పెట్టిన గొడ్డలీ! వీధి వీధంతా జనం.

"ఇదేమిటయ్యా, పెళ్లిలా చేశావు?"

"తమరి ఘనకార్యం చప్పగా జరగడమేమిటి ప్రభూ! ఒక్క సందేహం. చెట్టు నరికింది ఎవరని చాటించమంటారు? ఈ కూలీలేనా?"

"ఎంతమాట! చెరువు తవ్వింది ఎవరు? నేను. ఇదీ నేనే. చాటించు!"

"అంతఃపురం కిటికీల కింద కాస్త గట్టిగా కొట్టరా నాయనా" అని తిప్పాభొట్లు డప్పువాడిని సాగనంపాడు.

"మహారాజావారు స్వహస్తాలతో తిప్పాభొట్లుగారి పొగడచెట్టు నరుకుతున్నారహో!"

ఒక కూలీ చేతిలో గొడ్డలి లేచింది. అంతలో కోట తలుపులు దభాలున తెరుచుకున్నాయి. రాజమాత! చేతికర్ర ఊపుకుంటూ, రొప్పుకుంటూ పరుగున వస్తోంది.

"ఆగరా! ఓరి నీ తెలివి తెల్లారిపోనూ! పెళ్లాం కడుపుతో ఉంటే మొగుడు చెట్టు మీద గొడ్డలి వెయ్యొచ్చట్రా? పుట్టబోయే బిడ్డకు కీడు కాదూ! నువ్వు కడుపున పడ్డాక మీ నాన్న గడ్డమైనా గీయించుకోలేదు. గడ్డం పెరిగి గుర్రం కళ్లెంలో ఇరుక్కున్నా సరే!"

జనం కిసుక్కుమన్నారు. రాజుగారి ముఖం కందిపోయింది. "నేనెక్కడ నరుకుతున్నానమ్మా? వీళ్లు కదా నరుకుతున్నది!"

తిప్పాభొట్లు చేతులు కట్టుకుని, గొంతు తగ్గించి అడిగాడు. "అయితే ప్రభూ, మరి చెరువు తవ్వింది ఎవరండీ?"

 రాజుగారు మీసం మీద చెయ్యి వేశారు. అంతలో జనంలోంచి ఒక ఆడమనిషి, "మట్టి మోసింది నేనూ మా మామానండోయ్!" అని కేక పెట్టింది.

రాజుగారు గొడ్డలి వంక చూశారు. తల్లి చేతికర్ర వంక చూశారు. పొట్ట చేత్తో పట్టుకుని పకపకా నవ్వేశారు. "నరికానంటే బిడ్డకు కీడు, నరకలేదంటే నా చెరువు పాయె! అన్ని దారులూ మూసేశావు గదయ్యా భొట్లూ! సరే, రాణి ప్రసవించాక నరికిస్తే ఏం చేస్తావు?"

ఇక్కడ చమత్కారం ఏదో వస్తుందని అందరూ చెవులు రిక్కించారు. రాలేదు.

"ఏమీ చెయ్యలేను ప్రభూ. అప్పటికి ఈ ఏటి పూలు చూసుకుంటాను, అంతే. నాటిన మనిషి లేదు. పూలు రాలుతుంటే మాత్రం, ఇప్పుడే లేచి లోపలికి వెళ్లినట్టుంటుంది."

రాజుగారి నవ్వు సగంలో ఆగింది. రాజమాత పైటకొంగుతో కళ్లొత్తుకుంది. పెద్దరాజుగారు పోయినప్పటి నుంచి ఆవిడ దిగులూ అలాంటిదే మరి.

రాజుగారు చేతి కడియం తీసి తిప్పాభొట్లు చేతికి తొడిగారు. "చెట్టు నీదయ్యా. బిడ్డ పుట్టాక వీధి మీదికొచ్చిన కొమ్మలు మాత్రం కొట్టించు. అందాకా మేడ మీద నా ఆసనమే పక్కకు జరుపుకుంటాను. చూస్తూ ఉండండి, ఈ ఒక్క పనీ నిజంగా నా చేతులతోనే చేస్తాను!" అని మళ్లీ నవ్వారు. నిజంగానే జరుపుకున్నారు. నడుం పట్టేసిందట, అది వేరే సంగతి.

కొన్నాళ్లకు పొగడ పూసింది. తెల్లారేసరికి వాకిలంతా పూలే. ఆ ఏడు తిప్పాభొట్లు చూస్తూ కూర్చోలేదు. వంగి, ఒక్కొక్కటీ కండువాలోకి ఏరుకున్నాడు. అరుగు మీద కూర్చుని, మోటు వేళ్లతో సూదిలో దారం ఎక్కించి, దండ గుచ్చడం మొదలుపెట్టాడు.

జానెడు గుచ్చాక చెయ్యి ఆపి, ఇంటి లోపలివైపు తిరిగి అడిగాడు.

"ఎంత పొడుగు గుచ్చమంటావే?"

జవాబు రాదని ఆయనకు తెలుసు. అయినా దండ ఎత్తి లోపలివైపు చూపించాడు.