నూకయ్య పూజించిన ఉసిరి

1968 నవంబరు 4, కార్తీక సోమవారం. తెల్లారినప్పటి నుంచి సన్నగా తుంపర పడుతూనే ఉంది. అనకాపల్లిలో బెల్లం వ్యాపారి నూకయ్య, భక్తిపరుడే కానీ మహా మొండివాడు, గొడుగు పట్టుకుని తన తోటలోని ఉసిరి చెట్టుకు ప్రదక్షిణలు చేస్తున్నాడు.

పూజించే కాయ అని దాన్ని ఎవరినీ కొరకనిచ్చేవాడు కాదు. చెట్టు చుట్టూ ముళ్లకంచె వేయించాడు. నాలుగు కాయల మీద నేతి దీపాలు వెలిగించేవాడు. మిగిలినవన్నీ రాలి మట్టిలో కుళ్లిపోయేవి. ఆయన తిండి మాత్రం తెల్లన్నం, పప్పు, పాకం బూరెలు. ఆకుకూర వండితే తానేమన్నా మేకనా అని కంచం తోసేసేవాడు. ఆ రోజుల్లో అనకాపల్లి వస్తోందంటే బస్సులో నిద్రపోయేవాడికి కూడా బెల్లం వాసనే చెప్పేది. సరే, అది వేరే కథ.

ఆ ఏడు నూకయ్యకు చిగుళ్ల నుంచి రక్తం కారసాగింది. కాలి మీద చిన్న గాయం పుండై మానలేదు. ఆ సోమవారం ప్రదక్షిణలయ్యాక చూపించుకుంటే, డాక్టరు మందులిచ్చి, బూరెలు మానమన్నాడు. రోజూ ఆకుకూరలు, జామ, ఉసిరి తినమన్నాడు. వాటిలో యాంటీఆక్సిడెంట్లు ఉంటాయని ఇప్పుడు అందరూ అంటున్నారు. ఆ డాక్టరు ఆ మాట వాడలేదు. కంచంలో ఆకుపచ్చ, పులుపు, వగరు కనబడాలన్నాడు, అంతే.

మర్నాడు మధ్యాహ్నం భార్య పైడమ్మ కంచంలో కొత్త పచ్చడి వేసింది.

"ఏటిది?"

"ఉసిరి పచ్చడండీ. ఒక్క ముద్ద తినండి."

"దేవుణ్ణి రోట్లో వేసి నూరీసినావా?"

"ఏటా దేవుడికి దీపం పెట్టారు. మీ ఒంటికేం పెట్టారు?"

నూకయ్య చెయ్యి పచ్చడి దాకా వెళ్లింది. ఇన్నేళ్ల పూజ ఒక్క ముద్దతో పోతుందేమోనని భయం వేసింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"చెట్టే నన్ను కాపాడుతుంది" అన్నాడు.

ఆ సాయంత్రం పుండు కాలితో, కుంటుకుంటూ, బురదలో మరిన్ని ప్రదక్షిణలు చేశాడు. వారం తిరక్కుండా కాలు వాచింది, జ్వరం పట్టుకుంది. మంచం మీద నుంచి, గాలి వీచినప్పుడల్లా కంచె లోపల కాయలు రాలే చప్పుడు వినేవాడు. ఒకరోజు తనే ఒక కాయ తెమ్మన్నాడు. అప్పటికి కొరకడానికి పళ్లలో పట్టు లేదు. ఉసిరి ఒక్కటే ఆయన్ను బతికించేదని చెప్పలేం. ఏళ్ల తరబడి తిని ఉంటే ఒంట్లో కాస్త బలమైనా ఉండేది. మార్గశిరంలో పోయాడు.

దుకాణం కొడుకు సన్యాసిరావుకు వచ్చింది, తండ్రి బూరెల యావతో సహా. తోట కూతురు వరహాలుకు వచ్చింది. ఆమె ముందుగా కంచె పీకించింది. పైడమ్మకు ఏమీ రాలేదు.

చెట్టుకు మొక్కితే పుణ్యం రావచ్చు గానీ, ఆరోగ్యం కావాలంటే దాని కాయను, ఆకుకూరను రోజూ తినాల్సిందే.